వరమ్మ వేగిస గ్లాసు

కర్ర గురించి మాట్లాడమంటే బాలస్వామికి పూనకం వచ్చినట్టే. తాడేపల్లిగూడెంలో తలుపులూ కిటికీలూ చేసే అతని షెడ్డుకి ఎవరైనా ద్వారబంధం బేరానికి వచ్చి, "ఏదో ఒక కర్ర వేసెయ్యండి, అన్నీ ఒకటే కదా" అని నోరు జారారా, ఆ పూటకి వాళ్ళ పని అయిపోయినట్టే. కుర్చీ వేసి, టీ తెప్పించి, టేకుకీ తుమ్మకీ తేడా దగ్గర మొదలుపెట్టాడంటే వాళ్ళు లేచి నిలబడినా ఆపడు. రోడ్డు దాకా వెంట వచ్చి మరీ చెబుతాడు. ఇంత మాటకారికి, నోరు విప్పవలసిన చోట ఒకసారి నోరు పెగల్లేదు. అతని అక్క వరమ్మకి ఇవాళ కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. అందులో సగం షుగరు జబ్బు చేసిందయితే మిగతా సగం తాను చేసిందేనని బాలస్వామి అనుకుంటాడు. కాదని అతనికి నచ్చజెప్పగలిగిన వాళ్ళు ఇంతవరకూ దొరకలేదు.

అమ్మ కామెర్లతో పోయేనాటికి బాలస్వామికి ఇంకా మాటలు రాలేదు. నాన్న తెల్లవారకముందే కొల్లేట్లోకి చేపల వేటకి వెళితే పొద్దుగూకాక వచ్చేవాడు. తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వెళ్ళిన వరమ్మని, "వాడు కాస్త పెద్దయ్యాక రావమ్మా" అని పంతులుగారు వెనక్కి పంపేశారు. వాడు పెద్దయ్యాడు. ఆమె మాత్రం మళ్ళీ బడి మొహం చూడలేదు.

పెద్దయ్యాక వాడు చేసిన ఘనకార్యం ఏమిటంటే, వడ్రంగం నేర్చుకుంటానని గూడెం వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే పాతుకుపోవడం. గూడేనికీ గుండుగొలనుకీ మధ్య ఏమన్నా సముద్రాలున్నాయా? బస్సులో ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. అయినా క్రిస్మస్‌కి వెళితే వెళ్ళినట్టు, లేకపోతే లేదు. వరమ్మ గుండుగొలనులో చేపల చెరువుల మీద పనికి వెళ్ళి, ఐసు పెట్టెల్లో చేపలు సర్ది, కూతురు రూబీని చదివించుకుంది. ఎన్నడూ తమ్ముణ్ణి ఫలానాది కావాలని నోరు తెరిచి అడగలేదు.

వరమ్మ భర్తని హైవే మీద లారీ గుద్దిన రోజున బాలస్వామి ఎవరిదో సింహద్వారానికి హంసలు చెక్కుతున్నాడు. మర్నాడే వాళ్ళ గృహప్రవేశం. కబురు విన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఈ రెక్క ఒక్కటీ అయిపోతే బయల్దేరదాం అనుకున్నాడు. హంసకి రెండో రెక్క కూడా ఉంటుంది కదా. అతను గుండుగొలను చేరేసరికి బావని సమాధి చేసేశారు. ఆ ఊరివాళ్ళు మర్యాదస్తులు. మొహాన ఒక్క మాట అనలేదు. "వచ్చారాండీ" అన్నారు, అంతే. ఆ "వచ్చారాండీ" అతన్ని చెప్పుతో కొట్టినట్టు తగిలింది. ఆ తరవాత ఎన్నేళ్ళు గడిచినా, ఆ వీధిలో నడుస్తుంటే తల దానంతటదే వంగిపోయేది. వరమ్మ మాత్రం ఆ రోజున కూడా, "ఏవన్నా తిన్నావా?" అనే అడిగింది.

అలాంటి వరమ్మ మొదటిసారి తమ్ముణ్ణి ఒకటి అడిగింది. ఆమెకి షుగరు ఉందని తేలింది. రోజూ గుండుగొలను నుంచి ఏలూరు వెళ్ళి స్కూలు టీచరుగా చేస్తున్న రూబీ, తల్లిని అక్కడి డాక్టరు గారికి చూపించింది. ఆయన మాత్రలు రాసి, పథ్యం చెప్పి పంపారు. తిరుగు బస్సులో పక్క సీటావిడ ఇంకో వైద్యం చెప్పింది. ఇంటికి చేరగానే వరమ్మ తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరే బాలా, నాకో గ్లాసు చెక్కిపెడతావేంట్రా? కర్రది. నీళ్ళు తాగడానికి."

"గ్లాసేంటక్కా, బిందె చెక్కమన్నా చెక్కుతాను" అన్నాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అక్క ఏదో చెప్పబోతుంటే కూడా వినిపించుకోలేదు. అక్క తనని ఒకటి అడిగిందన్న సంబరంలో ఫోను పెట్టేశాడు.

తాగే గ్లాసుకి కర్ర ఎంచడం తలుపుకి ఎంచినట్టు కాదు. తలుపుని ఎవరూ నోటికి ఆనించరు. టేకు గొప్పదే గానీ దాని జిడ్డు వాసన నీళ్ళకి పట్టుకుంటుంది. వేప చేదు. తుమ్మ వగరు, రెండు గుక్కలకి నాలుక మొద్దుబారుతుంది. మామిడి ఉలికి హాయిగా లొంగుతుంది గానీ, నాలుగు రోజులు తడిసిందంటే నల్లబడి ముక్కవాసన వేస్తుంది. సరుగుడు నీళ్ళు పోసి ఎండనిస్తే నిలువునా పగులుతుంది. గన్నేరు, ముష్టి లాంటి విషపు కర్రల జోలికి పోతే గ్లాసుతో పాటు శవపెట్టె కూడా చెయ్యాల్సి వస్తుంది. ఇలా ఒక్కొక్కదాన్నే కొట్టేసుకుంటూ పోతే బాలస్వామికి చివరికి మిగిలింది గంగరావి. కాలవ గట్ల మీద ఎవరూ పట్టించుకోకుండా పెరిగే చెట్టు. కానీ లోపల దాని చేవ చూడాలి! ముదురు రంగు, నున్నటి పోగు, వాసన లేదు, రుచి లేదు, తడిసి ఆరినా తొందరగా బీటలు వారదు. కాలవ బాగు చేసినప్పుడు పడగొట్టిన చెట్టు తాలూకు మొద్దు ఒకటి, బాగా ఆరింది, షెడ్డు అటక మీద దాచుకుని ఉన్నాడు. ఎవరు అడిగినా ఇవ్వనిది అక్క కోసం కిందికి దించాడు.

చేత్తోనే చెక్కాడు. అంచు పెదవికి గుచ్చుకోకుండా గుండ్రంగా తీశాడు, చెయ్యి జారకుండా నడుము కాస్త సన్నం చేశాడు. కొబ్బరినూనె పట్టించి, ఆరబెట్టి, కొత్త తువ్వాలులో చుట్టుకుని గుండుగొలను తీసుకెళ్ళాడు.

"ఎంత బాగుందిరా!" అంది వరమ్మ అటూ ఇటూ తిప్పి చూస్తూ. "ఇది వేగిసేనా?"

"వేగిసెందుకక్కా? గంగరావి. తాగే గ్లాసుకి దీన్ని మించిన కర్ర లేదు."

"అయ్యో, వేగిసదిరా నేనన్నది. రాత్రి అందులో నీళ్ళు పోసుంచి పొద్దున్నే తాగితే షుగరు దిగుతుందంట. పోన్లే, ఇదీ బాగుంది. చాలా బాగుంది."

ఆ ఆఖరిసారి అన్న "బాగుంది"లో ఆమె ఎంత నిరాశ దాచుకుందో బాలస్వామికి తెలిసిపోయింది. ఆ గ్లాసులో రూబీ పెన్నులు పెట్టుకుంది.

అప్పుడే ఒక మాట అనేసి ఉండవలసింది. "అక్కా, గ్లాసు గ్లాసే, మందు మందే. నువ్వు దేనిలో తాగినా మాత్రలు మాత్రం మానకు" అంటే సరిపోయేది. ఒక వడ్రంగి అనవలసిన మాట అదే. వేగిస గురించి అతనికి తెలియనిది లేదు. ద్వారబంధాలకి భేషైన కర్ర. తడిస్తే మాత్రం రంగు కారుతుంది, గచ్చు మీద పసుపు మరక పెడుతుంది, చొక్కాకి అంటితే చాకలికి లొంగదు. రంగు కారే కర్రతో తాగే గ్లాసు చెయ్యడం పనివాడి లెక్కలో తప్పు. ఆ కారే రంగే మందని జనం లెక్క. బాలస్వామి తన లెక్క పక్కన పడేసి జనం లెక్క పట్టుకున్నాడు. అక్క అడిగింది ఇన్నేళ్ళకి ఒకే ఒక్కటి, అదీ తాను సరిగ్గా ఇవ్వలేకపోయానన్న పౌరుషం అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు.

అసలైన వేగిస దొరకడం మాటలు కాదు. అడవిలో చెట్టు మీద చెయ్యి వేస్తే కేసు. కర్రలమ్మే అడితీల్లో ఎర్రగా కనిపించిన ప్రతి ముక్కనీ వేగిసనే చెప్పి అంటగడతారు. బాలస్వామి ఒక అడితీలో ముక్క గీరి, నాలుక మీద వేసుకుని, "ఇది వేగిసయితే నేను కలెక్టర్నండీ" అని వచ్చేశాడు. చివరికి చింతలపూడి నుంచి వెంకట్రాజుగారు కబురు చేశారు. పామాయిల్ తోటలున్న రైతు, ఒకప్పుడు వాళ్ళింటికి తలుపులు చేసింది బాలస్వామే. వాళ్ళ తాతగారు కట్టించిన పశువుల సావిడి పడగొడుతున్నారట, దూలాలు వేగిసవని పెద్దవాళ్ళు చెప్పేవారట.

బాలస్వామి రెక్కలు కట్టుకుని వాలాడు. దూలాలు పొగచూరి నల్లగా ఉన్నాయి. ఒకదానికి మేకులు దిగి ఉన్నాయి, ఇనుము తగిలిన చోట కర్ర నల్లబడుతుంది గనుక వద్దన్నాడు. ఒకదానికి ఎప్పుడో తారు పూశారు, అదీ వద్దన్నాడు. మూడోదాని పైచెక్క తెల్లగా ఉంది, అందులో పుచ్చు కూడా ఉంది. బాడిశతో ఆ తెల్లచెక్క అంతా చెక్కేస్తే లోపల చేవ ఎర్రమట్టి రంగులో గట్టిగా కనిపించింది.

"ఏవండీ, గ్లాసు కోసం ఇంత రభసా?" అన్నారు వెంకట్రాజుగారు నవ్వుతూ.

"మా అక్కకండీ" అన్నాడు బాలస్వామి.

చేవలోంచి పలచగా పేళ్ళు తీసి, నీళ్ళ సీసాలో వేసి, గోడ మీద ఎండలో పెట్టాడు. ఇద్దరూ టీ తాగి వచ్చి చూసేసరికి నీళ్ళు తేనె రంగుకి తిరిగాయి. ఎండకి పట్టి చూస్తే అంచున నీలం రంగు మెరుపు. నిఖార్సయిన వేగిసకి అది గుర్తు. పొంగిపోయాడు బాలస్వామి. మొదటి తప్పు గంగరావి చెయ్యడం కాదు, ఈ పొంగిపోవడమేనని ఇప్పుడంటాడు గానీ, అప్పుడు ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు.

వేగిస చెక్కడం గంగరావి చెక్కినట్టు కాదు. ఉలికి ఎదురు తిరుగుతుంది, కొంచెం తొందరపడితే పెచ్చు లేస్తుంది. అరచేతులు పసుపు పట్టాయి. భార్య రత్నమాణిక్యం, "పెళ్ళికొడుకులా ఉన్నారు" అని ఆట పట్టించింది. లోపల నూనె రాయలేదు, పాలిషు పెట్టలేదు. రంగు దిగాలి కదా మరి. ఇన్నేళ్ళలో కర్రలోంచి రంగు దిగకుండా చూసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి, మొదటిసారి రంగు దిగడం కోసం పనిచేశాడు.

వరమ్మ సంతోషం చూడాలి. పొద్దున్నే ఆ నీళ్ళని గుమ్మంలో ఎండకి పెట్టి, "నీలంగా మెరుస్తోందిరా!" అని ఫోనులో అరిచింది. కొన్నాళ్ళకి ఏలూరులో రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగింది. దిగదా మరి? మాత్రలు వేళకి పడుతున్నాయి, రాత్రిపూట అన్నం మానేసింది, టీలో పంచదార వెయ్యకుండా రూబీ కాపలా కాస్తోంది. కానీ మాత్రల గొప్ప ఎవరు చెప్పుకుంటారు? మాత్ర మెడికల్ షాపువాడు ఇచ్చింది. గ్లాసు తమ్ముడు చెక్కి ఇచ్చింది.

ఆ ఆదివారం వరమ్మ తమ్ముణ్ణి మందిరానికి రమ్మంది. గుండుగొలనులో వాళ్ళు వెళ్ళే ఆ చిన్న మందిరంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలకి కాస్త సమయం ఇస్తారు. దేవుడు తమకి చేసిన మేలు ఏదన్నా ఉంటే లేచి నిలబడి పదిమందిలో చెప్పుకోవచ్చు. పరీక్ష పాసైనవాళ్ళు చెబుతారు, జ్వరం తగ్గినవాళ్ళు చెబుతారు, తప్పిపోయిన గేదె ఇంటికి వచ్చిందని చెప్పినవాళ్ళూ ఉన్నారు. విన్నవాళ్ళంతా "స్తోత్రం" అంటారు. అయితే ఒక చిక్కు ఉంది. స్వస్థత కలిగిందని ఒకసారి సాక్ష్యం చెప్పాక మళ్ళీ మందు మింగితే దేవుణ్ణి అబద్ధం చేసినట్టని అక్కడి ఆడవాళ్ళలో ఒక పట్టింపు. పాస్టరుగారు అలా ఎప్పుడూ బోధించలేదు. ఆయన బీపీ మాత్ర ఆయన వేసుకుంటూనే ఉంటారు. అయినా ఆ పట్టింపు అలా నాటుకుపోయింది.

వరమ్మ లేచి నిలబడింది. ముసుగు సవరించుకుంది. "నా షుగరు దేవుడు తగ్గించాడండీ. నా తమ్ముడి చేతుల ద్వారా తగ్గించాడు. వాడు నాకోసం ఊళ్ళన్నీ తిరిగి కర్ర తెచ్చి, గ్లాసు చెక్కి ఇచ్చాడు. అదిగో, వాడే నా తమ్ముడు" అని చెయ్యి చాపి చూపించింది. మందిరం అంతా "స్తోత్రం" అని మారుమోగింది. అందరి తలలూ అతని వైపు తిరిగాయి. ఆరాధన అయ్యాక, ఒకనాడు "వచ్చారాండీ" అన్న మనుషులే, "రండి బాలస్వామిగారూ, మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళాలండీ" అని చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ ఆ వీధిలో అతను తలెత్తుకుని నడిచాడు. పాపం, ఎన్నేళ్ళ ఆకలి అది!

అది జరిగిన కొద్దిరోజులకి ఒక సాయంత్రం రూబీ ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మావయ్యా, అమ్మ మాత్రలు మానేసిందండీ. సాక్ష్యం చెప్పిన రోజు నుంచీ ఒక్కటీ వేసుకోలేదు. నేను చెబితే, నీకు విశ్వాసం లేదంటోంది. మీరు చెబితే వింటుందండీ. గ్లాసు చేసింది మీరే కదా."

"చెబుతాలేమ్మా. ఆదివారం వస్తున్నానుగా" అన్నాడు బాలస్వామి. నిజంగా చెబుదామనే అన్నాడు.

ఆదివారం వెళ్ళాడు. వరమ్మ కొరమేను పులుసు పెట్టింది. రూబీ స్కూల్లో పిల్లల పరీక్షలని ఏలూరులోనే ఉండిపోయింది. భోజనాలవుతుండగానే వీధిలో ఆడవాళ్ళు గ్లాసు చూడడానికి వచ్చారు. ఒకావిడ తనకీ చేసిపెట్టమంది. ఇంకొకావిడ కోడలికి కావాలంది. బాలస్వామి వాళ్ళకి చేవంటే ఏమిటో, పైచెక్క ఎందుకు పనికిరాదో, నీలం మెరుపు ఎలా చూడాలో అన్నీ విడమరిచి చెప్పాడు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వరమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని, తమ్ముడి వైపే చూస్తోంది.

వాళ్ళు వెళ్ళాక ఇద్దరే మిగిలారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాత్రలు వేసుకో అక్కా అంటే, ఇప్పటిదాకా చెప్పిందంతా ఏమవుతుంది? గ్లాసు ఉత్త గ్లాసవుతుంది. ఊళ్ళన్నీ తిరిగి తెచ్చిన కర్ర ఉత్త కర్రవుతుంది. తాను మళ్ళీ ఆ పాత బాలస్వామి అయిపోతాడు. పైగా, నిజం చెప్పాలంటే, అతని మనసులో ఏ మూలో చిన్న ఆశ కూడా ఉంది. ఏమో, కర్రలో ఏముందో ఎవరికి తెలుసు, నిజంగానే పనిచేస్తోందేమో.

"ఇంకేంటిరా?" అంది వరమ్మ.

"ఏం లేదక్కా."

"చెప్పరా, ఏవన్నా చెప్పాలనుంటే" అంది మళ్ళీ.

"గ్లాసు కడిగేటప్పుడు సబ్బు పెట్టకు" అన్నాడు బాలస్వామి.

వరమ్మ కొంగు ముడి బిగించుకుంది. తరవాత సరేనని లేచి, గిన్నెలు తీసింది. బస్సులో కూర్చున్నాక బాలస్వామి తనకి తానే సర్ది చెప్పుకున్నాడు. వచ్చే వారం చెబుదాం, మెల్లిగా చెప్పాలి, ఇలాంటివి ఒక్కసారే అనకూడదు. రూబీ అడిగితే కూడా అదే అన్నాడు. వచ్చే వారం ఎవరిదో ఇంటి గుమ్మం ఎత్తడం పడింది. ఆ పై వారం వర్షం. ఆ తరవాత వారం క్రిస్మస్ పనులు. చెప్పకూడదని నిశ్చయించుకున్న మనిషికి సాకులకి ఎప్పుడూ కొదవ ఉండదు.

వరమ్మ కాలికి చెప్పు ఒరిసింది. చేపల చెరువు గట్టు మీద ఆ కాలితోనే తిరిగింది. నొప్పి తెలియలేదు, అందుకే చూసుకోలేదు. రూబీ చూసేసరికి బొటనవేలు నల్లబడి ఉంది. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలు ఎన్నాళ్ళ నుంచి వాడటం లేదని డాక్టరు గారు అడిగితే, రూబీ జవాబు చెప్పింది. చెప్పి బాలస్వామి వైపు ఒక్కసారి చూసింది. మావయ్యని నిలదీసి నాలుగు మాటలు అంటే అతనికి కాస్త తేలికయ్యేది. ఆ పిల్ల ఏమీ అనలేదు. మొదట వేలు తీశారు, తరవాత పాదం అన్నారు, ఆఖరికి మోకాలి కింద ఆపారు.

బాలస్వామి మళ్ళీ గ్లాసు చెయ్యలేదు. మిగిలిన వేగిస ముక్కలు వెంకట్రాజుగారికే తిరిగి పంపేశాడు. గ్లాసుల కోసం వచ్చినవాళ్ళని కుర్చీ కూడా వెయ్యకుండా, "ముందు మాత్రలు వేసుకుంటున్నారో లేదో చెప్పండి" అని కసిరేవాడు. షెడ్డులో ఉలి పట్టుకుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోయేవాడు. ఏడ్చేవాడు కూడా. రత్నమాణిక్యం చూడనట్టు లోపలికి వెళ్ళిపోయేది.

అంత బాధలోనూ అతను పట్టుకుని వేలాడిన ఊత ఒకటుంది. చెప్పినా అక్క వినేది కాదు. మొండిది. కూతురి మాటే వినలేదు. పదిమందిలో సాక్ష్యం చెప్పిన మనిషి, తాను చెబితే మాత్రం మాత్ర మింగేదా? మింగేది కాదు. కాబట్టి తాను అన్నా అనకపోయినా కాలు పోయేదే. తప్పు తప్పే, కానీ దానివల్ల తేడా రాలేదు. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అనుకునేవాడో లెక్కలేదు. అనుకున్నప్పుడల్లా అన్నం ముద్ద గొంతు దిగేది.

వేసవి మొదట్లో వరమ్మ మళ్ళీ మందిరానికి వెళతానంది. రూబీ, బాలస్వామి కలిసి ఆటోలో తీసుకెళ్ళి, ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సాక్ష్యాల సమయం వచ్చింది. బాలస్వామి లేచి నిలబడ్డాడు. ఎవరూ అనుకోలేదు, అతనూ ముందురోజు రాత్రి దాకా అనుకోలేదు.

"మా అక్కకి షుగరు తగ్గించింది నా గ్లాసు కాదండీ" అన్నాడు. "మాత్రలండీ. అక్క మాత్రలు మానేసిందని నాకు తెలుసండీ. తెలిసి కూడా వేసుకోమని చెప్పలేదు. మీరందరూ నన్ను మెచ్చుకున్నారు, ఆ మెప్పు పోతుందని చెప్పలేదు. ఆ గ్లాసు చూసి మీరెవరూ మందులు మానొద్దండీ."

వెనక వరుసలో ఒక ముసలాయన అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, చుట్టూ చూసి ఆగిపోయాడు. పాస్టరుగారు దిగి వచ్చి బాలస్వామి భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మందులు కూడా దేవుడిచ్చినవేనని, ఎవరూ మానవద్దని గట్టిగా చెప్పారు. ఆడవాళ్ళలో ఒకరిద్దరు కళ్ళొత్తుకున్నారు. వరమ్మ మాత్రం తలవంచుకుని ఒళ్ళో చేతుల వైపు చూస్తూ కూర్చుంది.

ఆరాధన అయ్యాక రూబీ ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళింది. మందిరం వరండాలో అక్కా తమ్ముడూ మిగిలారు. చెప్పేశాక బాలస్వామికి గుండె మీద బరువు కొంచెం దిగినట్టుగానే ఉంది. అక్క పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు.

"నన్ను క్షమించక్కా. చెప్పినా నువ్వు వినేదానివి కాదులే, అది వేరే సంగతి. అయినా చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

వరమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది.

"రూబీ నీకు ఫోను చేసినప్పుడు నేను దొడ్లోనే ఉన్నానురా. అంతా వినపడింది" అంది. "ఎంత ఊరటగా అనిపించిందో! అప్పటికే ఒళ్ళు తూలుతోంది, కాళ్ళు తిమ్మిర్లు. నా అంతట నేను మాత్ర మింగితే మళ్ళీ మందిరంలో ఏం మొహం పెట్టుకుని కూర్చోను? గ్లాసు చెక్కినవాడే వేసుకోమన్నాడంటే ఇంక నన్నెవరూ ఏమీ అనరు కదా. ఆ ఆదివారం మాత్రలు కొంగున ముడేసుకుని నీ ఎదురుగా కూర్చున్నాను. రెండుసార్లు అడిగాను కూడా."

బాలస్వామి ఆమె కొంగు వైపు చూశాడు.

"నువ్వేమీ అనలేదు. వాడికి కర్ర సంగతి బాగా తెలుసు, వాడే భయపడట్లేదంటే నాకెందుకు భయం అనుకున్నాను. నువ్వు బస్సెక్కాక ముడి విప్పి కాలవలో పారేశాను" అంది వరమ్మ.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని బాలస్వామి ఎంతో కోరుకున్నాడు.